వెనక్కి తిరిగిన ముళ్లు

ఎర్రదిబ్బ మీద గడ్డికి కొదవ లేదు, పొదలకు కొదవ లేదు. ఒకప్పుడు కుందేళ్లకూ కొదవ ఉండేది కాదు. దిబ్బకు ఎగువనున్న రాళ్లగుట్టలో ఒక తోడేలు కాపురం పెట్టాక వాటి సంఖ్య తరుగుతూ వచ్చింది. సాయంత్రం కాగానే వాడు కిందికి దిగేవాడు. కుందేళ్లు పరుగు లంకించుకునేవి. వెనకబడ్డది ఆయనగారి భోజనం. జంబయ్య అనే నక్క వాడి వెంటే తిరుగుతూ, ఎముకలు నాకుతూ మంత్రిగిరీ వెలగబెట్టేవాడు.

కుందేళ్లకు పెద్ద కోటమ్మ. కిందటి వానాకాలం పుట్టిన పిల్లల్లో ఆమెకు మిగిలింది ఒక్క కూతురే. ఆ పిల్ల గడ్డి మేస్తుంటే కోటమ్మకు కళ్లనిండా భయమే. ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే తన కూతురే కాదు, దిబ్బ మీద కుందేలు అన్న మాటే ఉండదని ఆమెకు తెలుసు. అందుకే ఒకరోజు పొద్దున్నే వాగు దాటి, అవతలి గుట్టలో ఉండే ముళ్లపంది గవరయ్య దగ్గరికి వెళ్లింది.

"గవరయ్యా, ఆ తోడేలు నీ జోలికి రాడు. నువ్వొచ్చి మా దిబ్బ మీద ఉండరాదూ? మా నేలలోని దుంపగడ్డలన్నీ నీయే."

గవరయ్య ముళ్లు గలగలలాడించాడు. "నేనొచ్చి నీ దిబ్బ మీద కూర్చుంటే నా పిల్లలకు కాపలా ఎవరమ్మా? పైగా నాకు ఒంట్లో బాగోలేని రోజు వాడు దిగాడనుకో, మీ కత మళ్లీ మొదటికొచ్చుద్ది. నేను రాను. నా ముళ్లు ఇస్తా."

కోటమ్మ ముఖం చిన్నబోయింది. "ఊడి రాలినవా?"

"ఊడినంత మాత్రాన మొన పోయిందా? తాకి చూడు."

ఆమె ముక్కు ఆనించి, "అబ్బా!" అని ఎగిరి గంతేసింది. తర్వాత అనుమానంగా అడిగింది. "ఉత్తినే ఇస్తావా?"

"కొన్ని ఉత్తినే. మిగతావాటికి బదులు మీ గడ్డలు తవ్వుకోనియ్యి. నేనేం ధర్మప్రభువును కాదు కోటమ్మా. నీ దిబ్బ ఖాళీ అయితే ఆ తర్వాత వాడి కన్ను పడేది నా పిల్లల మీదే. అయితే నాకో మాటియ్యి. ఈ ముళ్లు చూపించి మీ పొదల్లో ఉండే కౌజుపిట్టల గింజలు లాక్కోకూడదు. నాతో చెప్పకుండా ఇంకెవరి చేతికీ ఇవ్వకూడదు."

కోటమ్మ సరేనంది.

ముళ్లు దిబ్బకు చేరాయి. చేరీ చేరగానే కుందేళ్లకు పౌరుషం పొంగుకొచ్చింది. తలా ఒక ముల్లు నోట కరుచుకుని "రారా తోడేలూ!" అంటూ గాల్లో పొడవడం మొదలుపెట్టాయి. అరుపుకు నోరు తెరిస్తే ముల్లు జారిపోయేది. ఒకడి ముల్లు ఇంకొకడి పిర్రలో దిగింది. గడ్డలు తవ్వుకోవడానికి వచ్చిన గవరయ్య నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు.

"ఓయ్ వీరులూ, ఆగండాగండి. మీకు పుట్టుకతో వచ్చిన విద్య ఏంది?"

కుందేళ్లు ఒకదాని ముఖం ఒకటి చూసుకున్నాయి. చివరికి కోటమ్మే చెప్పింది. "పారిపోవడం."

"దానికి సిగ్గెందుకు? మా కులవిద్య కూడా అదే. వెంటపడ్డవాడు మీదికొచ్చేదాకా పారిపోతాం. వచ్చాడా, టక్కున ఆగుతాం. మిగతా పనంతా వాడే చేసుకుంటాడు."

ముళ్లను నడుం వెనక, మొనలు వెనక్కి ఉండేట్టు నారతో కట్టించాడు. కట్టడం తేలికే, ఆగడమే కష్టం. కుందేలు కాలికి ఆగడం అనేది తెలిస్తే కదా! గవరయ్య రోజూ పొద్దున్నే రొప్పుతూ రోజుతూ వాటి వెంటపడి "ఆగు!" అని అరిచేవాడు. ఆ అరుపుకే బెదిరి అవి ఇంకాస్త దూరం పరిగెత్తేవి. అయినా ఆయన విడిచిపెట్టలేదు. వదులైన కట్లు బిగించాడు, విరిగిన ముళ్ల చోట కొత్తవి పెట్టాడు. చివరికి ఒక పొద్దున ఆయన అరవకముందే కోటమ్మ కూతురు టక్కున ఆగింది. మిగతావాటికీ ఆ పట్టు చిక్కింది.

ఆ తర్వాత దిగిన తోడేలు ముక్కుకు రంధ్రం పొడిపించుకుని, కుయ్యోమంటూ, అయినా వెన్ను చూపకుండా వెనకడుగులు వేస్తూ గుట్టెక్కాడు. మర్నాడే జంబయ్య దిబ్బకు వచ్చాడు. వాడి నోట తేనె కారుతోంది.

"అక్కా కోటమ్మా, ఇరుగుపొరుగున ఈ గొడవలు మనకెందుకు చెప్పు? మీ ముళ్లలో సగం మా దొరకివ్వండి. ఇద్దరి దగ్గరా సమానంగా ఉంటే ఎవరూ ఎవరి మీదికీ రారు. కాదంటే దొర బంధువులంతా కొండ అవతలి నుంచి దిగుతారు. ఆనక నన్ననొద్దు."

కోటమ్మ తమ ముళ్లను మనసులోనే లెక్కపెట్టుకుంది. గుంపుగా వస్తే ఇన్ని ముళ్లూ చాలవు. "రేపు చెప్తా" అని వాడిని పంపేసి, ఇచ్చిన మాట ప్రకారం నేరుగా గవరయ్య దగ్గరికి పరిగెత్తింది.

అంతా విని గవరయ్య తీరిగ్గా గడ్డ కొరికాడు. "ఇచ్చెయ్యి."

"ఇచ్చెయ్యమంటావా!"

"ముళ్లయితే ఇవ్వగలవు గానీ, మనం ఇన్నాళ్లు నేర్చుకున్నది ఎట్టా ఇస్తావు?"

"కట్టుకునే తీరు అడుగుతాడే."

"ఉన్నదున్నట్టు చెప్పు. ఎదుటివాడి మాట నమ్మే గుణం వాడికెక్కడిది?"

మర్నాడు తోడేలు ముందు ముళ్ల మోపు పడింది. వాడు మీసం దువ్వి అడిగాడు. "ఎట్టా కట్టాలే వీటిని?"

"నడుం వెనక కట్టుకోవాలి దొరా, మొనలు వెనక్కి పెట్టి" అంది కోటమ్మ. నిజమే చెప్పినా ఆమె గొంతు వణికింది.

ఆ వణుకు చూసి తోడేలు పకపకా నవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు ఎవరికీ వెన్ను చూపినవాడు కాదు. "ఎనక్కా? ఎనక్కెందుకే? నేనేమన్నా పారిపోతానా? నన్నే బుట్టలో వేద్దామనుకున్నావా?"

"పచ్చి మోసం దొరా!" అన్నాడు జంబయ్య. "ముందుకే కడదాం."

మెడచుట్టూ, రొమ్ము మీదా, మొనలు ముందుకు నిక్కేలా తోడేలు కట్టించుకున్నాడు. వాగు నీళ్లలో తన నీడ చూసుకుని తోడేలు మురిసిపోయాడు. ఆ సాయంత్రమే, ఒప్పందం మాట గాలికొదిలేసి దిబ్బ మీదికి దూకాడు.

కుందేళ్లు పరుగందుకున్నాయి. కూతుర్ని ముందుకు తోసి కోటమ్మ కావాలనే అందరికన్నా వెనక నిలిచింది. ఏటవాలు దారిలో తోడేలు ఊపిరి ఆమె వీపుకు వేడిగా తగిలింది. పారిపొమ్మని కాళ్లు ఒకటే గోల. కోటమ్మ పళ్లు బిగించి టక్కున ఆగింది.

తోడేలు ఆమె ముళ్ల మీదికి మూతితో సహా వచ్చిపడ్డాడు. నొప్పికి తల దించితే మెడచుట్టూ ఉన్న సొంత ముళ్లు దవడ కింద దిగాయి. పట్టు తప్పి దొర్లాడు. దొర్లిన కొద్దీ రొమ్ము మీదివి లోపలికి దిగాయి. "అయ్యో దొరా!" అని ఆపబోయిన జంబయ్యనూ తనతోపాటు దొర్లించుకుపోయాడు. పొదల్లోంచి కౌజుపిట్టలన్నీ ఒక్కసారిగా కేకలేశాయి. కుంటుకుంటూ పారిపోతున్న తోడేలు వీపును ఎర్రదిబ్బ కుందేళ్లు జన్మలో మొదటిసారి కళ్లారా చూశాయి. కోటమ్మ కూతుర్ని పొదివి పట్టుకుని, ఆనందం పట్టలేక వలవలా ఏడ్చేసింది. "మనదేనే తల్లీ! దిబ్బంతా మనదే!"

కొండకు అవతల, బంధువుల కంటపడకుండా దాక్కున్న ఒక లోయలో జంబయ్య పళ్లతో ముళ్లు పీకుతుంటే తోడేలు మూలుగుతూ అడిగాడు. "ఒరేయ్, ఎనక్కి కట్టమని ఆ కుందేలు నిజమే చెప్పిందంటావా?"

"నిజమే చెప్పింది దొరా" అన్నాడు జంబయ్య, ఇంకో ముల్లు పీకుతూ. "అదే మన కొంప ముంచింది."

నీతి: పొరుగువాడికి ఆయుధంతో పాటు దాన్ని వాడే నేర్పు కూడా ఇచ్చినవాడు, పొరుగింటితో పాటు తన ఇంటినీ కాపాడుకుంటాడు.