కోడలి కంప్యూటర్‌కి బుద్ధవరపు వారు కార్డు వేసిన వైనం

సామర్లకోటలో బుద్ధి ఎవరింట్లో ఉందని అడిగితే బుద్ధవరపు పేర్రాజు తన ఇంటివైపే చూపించేవాడు. "ఇంటిపేరులోనే ఉంది కదండీ, వేరే వెతకడం దేనికి?" అనేవాడు. రైసుమిల్లులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. భార్య సీతారత్నం, కొడుకు ఫణి కూడా ఆయన బాటే. చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా చెయ్యడమే తెలివని ఆ ఇంటి నమ్మకం. ఓసారి పక్కింటావిడ ఊరెళుతూ "మా ఇంటిమీద ఓ కన్నేసి ఉంచండి వదినగారూ" అంది. అంతే. సీతారత్నం రెండో కన్ను చేత్తో మూసుకుని సాయంత్రందాకా అరుగుమీద కూర్చుంది. ఆ కన్ను కూడా తెరిస్తే మాట తప్పినట్టే కదా మరి.

అలాంటి ఇంటికి హిమజ కోడలిగా వచ్చింది. ఆ అమ్మాయి కట్టబోయే ఇళ్ళకి కంప్యూటర్ మీద బొమ్మలు గీస్తుంది. పునాది కూడా తియ్యకముందే ఇల్లు వీధిలోంచి ఎలా కనబడుతుందో, మెట్లెక్కి లోపలికెళితే ఎలా ఉంటుందో తిప్పి చూపిస్తుంది. కాకినాడ ఇంజనీరుగారొకాయన కల్యాణమండపం బొమ్మ అడిగాడు. శుక్రవారంనాడు అది చక్కగా తిప్పి చూపిస్తే ఇకమీదట ఆయన పనులన్నీ హిమజకే. లేదంటే ఇంకొకరికి.

చిక్కల్లా కంప్యూటర్‌తోనే. అది హిమజ పుట్టింటినుంచి తెచ్చుకున్నది, కంపెనీవాళ్ళే అన్నీ బిగించి అమ్మిన పాత పెట్టె. బొమ్మ మండపం గుమ్మందాకా వచ్చి అక్కడే నిలబడిపోయేది.

"ఇది కొన ఊపిరితో ఉంది మావయ్యగారూ. గ్రాఫిక్స్ కార్డు వేస్తేగానీ బొమ్మ కదలదు" అంది హిమజ.

సీతారత్నం గబగబా దూది తెచ్చి పెట్టె వెనక చిల్లుల దగ్గర పెట్టి చూసింది. లోపల ఫ్యాను గాలికి దూది కదిలింది. "ఊపిరాడుతోందండీ" అని ఆవిడ అనేసరికి అందరి మనసూ కుదుటపడింది.

మర్నాడు హిమజ మండపం కట్టే స్థలం చూడ్డానికి కాకినాడ బయల్దేరింది. వెళుతూ వెళుతూ, "మన పెట్టెకి ఏ కార్డు పడుతుందో షాపాయన చెబుతాడు. ఆయన చెప్పింది చెప్పినట్టు చెయ్యండి. పెట్టె మాత్రం జాగ్రత్త, నా కల్యాణమండపం అంతా అందులోనే ఉంది" అంది.

ఆగిపోయిన బొమ్మ ముందు కూర్చుని కోడలు కళ్ళు తుడుచుకోవడం పేర్రాజు చూశాడు. ఈ ఇంట్లో అడుగుపెట్టి చెడిపోయానని ఆ పిల్ల అనుకుంటుందేమోనని ఆయనకి బెంగ. ఆ బెంగ నిజమైనదే, ఆ ప్రేమా నిజమైనదే. తెలివి సంగతి ఇంటిపేరు చూసుకుంటుంది.

తండ్రీకొడుకులు కంప్యూటర్ షాపుకెళ్ళారు. "మీది ఏ మోడలండీ?" అని షాపాయన అడిగాడు.

"కొన ఊపిరి మోడలండీ" అన్నాడు ఫణి.

షాపాయన ఇంకో రెండు ప్రశ్నలడిగి సంగతి గ్రహించాడు. డబ్బులు తర్వాత చూద్దామని పేరూ ఫోను నంబరూ రాసుకున్నాడు. రెండు అట్టపెట్టెలు తెచ్చి బల్లమీద పెట్టాడు. "కంపెనీ పెట్టెలు లోపల ఇరుకండీ. ఈ పొడుగు కార్డు అందులో పట్టదు. పైగా ఇది కరెంటు బాగా తింటుంది, మీ పెట్టె అంత ఇవ్వలేదు. ఈ పొట్టిది చూడండి, దీనికి విడిగా కరెంటు వైరు కూడా అక్కర్లేదు. కళ్ళు మూసుకుని పట్టుకెళ్ళండి. పెట్టాక కొత్త డ్రైవరు వేసుకోండి. పాత డ్రైవరు పనికిరాదు. డ్రైవరు లేకపోతే కార్డు నడవదు" అని చెప్పి, ఇంకెవరో వస్తే అటు తిరిగాడు.

ఇంకేముంది, ఇద్దరూ కళ్ళు మూసుకున్నారు.

"మూశావా నాన్నా?"

"మూశాన్రా. నువ్వో?"

"నేనూ మూశాను. అందుకే నువ్వు మూశావో లేదో తెలియడం లేదు."

పేర్రాజు బల్ల తడిమాడు. రెండు పెట్టెలు తగిలాయి. బరువుగా ఉన్నదాన్ని చంకన పెట్టుకున్నాడు. ఇద్దరూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వీధినపడ్డారు. దారిలో ఎవరో పుణ్యాత్ముడు జాలిపడి వాళ్ళని రోడ్డు దాటించాడు. వాళ్ళు దాటాల్సిన రోడ్డు కాదది. ఇంకో పుణ్యాత్ముడు మళ్ళీ ఇటు దాటించాడు. ఓ గేదెని ఢీకొని పేర్రాజు "చూసుకోలేదు బాబూ, ఏమీ అనుకోకండి" అన్నాడు. గేదె ఏమీ అనుకోలేదు. చివరికి సీతారత్నం ఎవరితోనో కూరగాయల బేరమాడుతున్న గొంతు వినబడితే, అదే ఇల్లని పోల్చుకుని లోపలికెళ్ళి కళ్ళు తెరిచారు.

తెరిచేసరికి ఫోను మోగింది. షాపాయన. "పేర్రాజుగారూ, పొడుగు కార్డు పట్టుకెళ్ళిపోయారేంటండీ? అది మీ పెట్టెలో ఎలా పడుతుంది? లోపల ఖాళీ ఉండొద్దా?"

"ఖాళీయే కదండీ, ఇప్పుడే చేసేస్తాం" అని పేర్రాజు ఫోను పెట్టేశాడు.

అంతే. ఫణి స్క్రూడ్రైవర్ తెచ్చాడు. మూత ఊడింది. ఫ్యాను ఊడింది. పచ్చటి పలక ఊడింది. వైర్లు గుత్తులు గుత్తులుగా వచ్చాయి. ఇనప బిళ్ళలాంటిదొకటి రానని మొరాయిస్తే ఫణి కాలుపెట్టి తన్ని లాగాడు. అన్నిటినీ తలగడ గలీబులో వేసి మూతి కట్టారు.

సీతారత్నం పెట్టెలోకి తొంగిచూసింది. "కల్యాణమండపం ఇందులోనే ఉందందిగా? పందిరి గుంజ కూడా కనబడదేంటండీ?"

"ఇంకా కట్టందే ఎలా కనబడుతుందే?" అన్నాడు పేర్రాజు.

"అదీ నిజమే" అందావిడ. భర్త తెలివికి లోలోపల మురిసిపోయింది.

ఖాళీ పెట్టెలో కార్డు పెడితే హాయిగా పట్టింది. ఇంకా రెండు మూడు కార్డులొచ్చినా సర్దుకోవచ్చు అనిపించింది పేర్రాజుకి. ఇక మిగిలింది డ్రైవరు. అది కంప్యూటర్‌లో ఎక్కించే ప్రోగ్రామని ఆయనకేం తెలుసు, ఆటోల దగ్గరికి వెళ్ళాడు. అక్కడ అందరికన్నా పెద్దవాడు కోటిలింగం ఎదురొచ్చాడు.

"ఎన్నాళ్ళనుంచి నడుపుతున్నావోయ్?"

"మీ ఫణిబాబుని బళ్ళో దింపింది నేనేనండి."

"అయితే పాత డ్రైవరువి. పనికిరావు" అనేసి ఆయన పండుబాబుని పట్టుకున్నాడు. పండుబాబుకి ఆ వారమే లైసెన్సు వచ్చింది.

"ఎక్కడ నడపాలండీ?" అన్నాడు పండుబాబు.

"మా ఇంట్లో."

పండుబాబు ఇంకేమీ అడగలేదు. పెద్దాయనని ఎక్కించుకుని తిన్నగా ఇంట్లోకే నడిపాడు. మెట్లు అడ్డమొచ్చాయి, తులసికోట పక్కన పూలకుండీలు అడ్డమొచ్చాయి. కుండీలు పోయాయి, ఆటో ముందుచక్రం అరుగెక్కి ఆగింది. తర్వాత అతన్ని కంప్యూటర్ ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. హ్యాండిల్ ఏదన్నాడు. ఫణి మౌస్ చేతిలో పెట్టాడు. పండుబాబు దాన్ని రెండు చేతులతో పట్టుకుని నోటితో డుర్రుమనిపించడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు హిమజ వచ్చింది. అరుగుమీద ఆటో, తన కుర్చీలో ఎవరో, మూత లేని పెట్టెలో ఒంటరిగా పడుకున్న కార్డు, అన్నీ చూసింది. పేర్రాజు జరిగినదంతా సంతోషంగా వివరించాడు. హిమజ కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి.

"ఇంక ఇదెందుకండీ మావయ్యగారూ? తీసుకెళ్ళి గంగలో కలపండి."

తర్వాత ఆ పిల్ల గలీబు మూతి విప్పి లోపల తడిమి చూసింది. ఏదో దొరికినట్టుంది, కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడే వస్తాను" అని వీధిలోకి పరిగెత్తింది.

కోడలు ఏడవడం పేర్రాజు తట్టుకోలేకపోయాడు. కార్డు తర్వాత ఆ పిల్ల నోరు తెరిచి తనని అడిగింది ఇదొక్కటే. ఇదైనా అడిగింది అడిగినట్టు తీర్చాలి.

"పక్కనే కాలవుంది కదా నాన్నా" అన్నాడు ఫణి.

"కాలవలో అందా? పోనీ గోదాట్లో అందా? గంగలో అంది. గంగంటే కాశీలో ఉంటుంది."

ఇంకేముంది, సీతారత్నం పసుపూ కుంకుమా మూటకట్టింది. పెట్టెకి మూత బిగించారు, గలీబుకి మళ్ళీ మూతి కట్టారు. పండుబాబు ఆటో వెనక్కి దింపి అందర్నీ స్టేషనుకి చేర్చాడు. పెట్టె వొళ్ళో పెట్టుకున్న పేర్రాజు దారిపొడుగునా పొంగిపోయాడు. "చూశావట్రా, డ్రైవరుంటే కార్డు నడుస్తుందని షాపాయన ఊరికే అన్లేదు."

అదృష్టం కొద్దీ కాశీ బండి దొరికింది. పిఠాపురం దాటాక ఫోను మోగింది.

"మావయ్యగారూ, ఇంటికి తాళమేంటండీ? షాపాయన పొట్టి కార్డు పట్టుకొచ్చాడు. విప్పినవన్నీ బిగించేస్తాడట. గలీబులో ఉన్న ఆ ఇనప బిళ్ళే హార్డ్ డిస్క్, నా బొమ్మలన్నీ అందులోనే ఉంటాయి. అది బాగుంటే చాలు, నా మండపం ఎక్కడికీ పోదట. ఎక్కడున్నారు?"

"రైల్లోనమ్మా. కాశీకి. నువ్వు చెప్పిన పనిమీదే."

హిమజ బతిమాలింది. "మావయ్యగారూ, మీకు పుణ్యముంటుంది. బండి ఆగగానే దిగిపోండి. ఇంకేం ఆలోచించకండి. ఉన్నపళంగా దిగిపోండి."

తునిలో బండి ఆగింది. సీతారత్నం గలీబు అందుకోబోయింది. పేర్రాజు ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఉన్నపళంగా అంది. నీ చేతిలో ఇప్పుడేముంది?"

"దువ్వెనండీ."

"అయితే దువ్వెనతోనే దిగు."

సీతారత్నం సగం అల్లిన జడతో, దువ్వెనతో దిగింది. ఫణి ఒక కాలికి చెప్పుతో దిగాడు. పేర్రాజు ఆ సమయానికి రెండూ విప్పి సీటుమీద బాసింపట్టు వేసుకుని ఉన్నాడు, కాబట్టి వట్టికాళ్ళతో దిగాడు. బండి కూతపెట్టి కదిలింది. ఆయన గర్వంగా కోడలికి ఫోను చేశాడు.

"దిగిపోయామమ్మా. క్షణం ఆలస్యం చెయ్యలేదు."

"హమ్మయ్య" అంది హిమజ. "పెట్టె జాగ్రత్తగా ఉంది కదండీ? గలీబు?"

"అవి దిగలేదమ్మా. మమ్మల్ని దిగమన్నావు, మేం దిగాం. వాటిని గంగకి పంపమన్నావు, అవి గంగకి పోతున్నాయి. నీ రెండు మాటలూ నిలబెట్టాం తల్లీ."

ఫోన్లో ఎవరో కూలబడినట్టు చప్పుడైంది. "అమ్మా, మంచినీళ్ళు తాగండి" అని షాపాయన గొంతు వినబడింది. చివరికి హిమజ నీరసంగా అంది, "మీకో దండం మావయ్యగారూ."

పేర్రాజు కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళ బెంగా తీరిపోయింది. తుని ప్లాట్‌ఫారం మీద వట్టికాళ్ళతో నిటారుగా నిలబడి కుడిచెయ్యి పైకెత్తాడు.

"దీర్ఘసుమంగళీ భవ."

"కోడలు దండం పెడుతోందా?" సీతారత్నం దువ్వెన జడలో గుచ్చి ఫోను లాక్కుంది. "ఉండమ్మా, అప్పుడే లేవకు, నేనూ దీవిస్తాను."