ఓబులమ్మ సొంత మోడెమ్

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లిపోండి. తర్వాత నోరెళ్లబెట్టి, అందులో ఈగలు దూరాయని నన్ను అనొద్దు. నేను కూస్తే మూడు ఊళ్ల అవతల సూర్యుడు దుప్పటి విసిరికొట్టి లేచిన రోజులవి. అంతటి పుంజుని, నాకు అబద్ధాలతో ఏం పని?

మా పశువుల దొడ్డికి నెట్ తీగ లాగినవాడు నక్క జంబయ్య. తీగకి అందరం ఇచ్చేది ఇస్తూనే ఉన్నాం. తీగ చివర మినుకుమినుకుమనే మోడెమ్ పెట్టెకి మాత్రం వాడు వేరే అద్దె పిండేవాడు. గేదె ఓబులమ్మ దగ్గరైతే రోజూ చెంబెడు పాలు. పోనీ, నెట్ మానేద్దామా అంటే, పాట వినబడందే ఆమె చేపదు, పొదుగులోంచి చుక్క దిగదు. పాట ఉంటే పాలు నక్కకి. పాట లేకపోతే పాలే లేవు. మధ్యన దూడ డొక్కలు లోపలికి పోయాయి.

ఓబులమ్మ నోట్లో నాలుక లేని గేదె. అలాంటిది ఒకనాడు పిడకలన్నీ అమ్మి, సంతలో సొంత మోడెమ్ కొనేసింది. దాన్ని కొమ్ముకి తగిలించుకుని నడిచొస్తుంటే ఆ ఠీవి చూడాలి, ఏనుగు మీద అంబారీ దిగదుడుపే!

జంబయ్య ఆయాసపడుతూ వచ్చాడు.

"ఎంత పని చేశావు వదినా! సంత పెట్టె నా తీగకి నప్పదు. నప్పినా పాట నత్తనడకే."

"పెట్టి చూద్దాం మరిదీ."

"చూసేదేముంది? నా పెట్టెకీ దానికీ, నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా!"

"అందులో నక్కవి నువ్వేగా!" అన్నాను గోడ మీంచి.

దొడ్డంతా గొల్లున నవ్వింది. వాడికి పౌరుషం పొడుచుకొచ్చింది.

"చూడక్కర్లేదు. పాట విని ఏది నా పెట్టో చెప్పేస్తాను. చెబితే ఇకమీదట రోజూ రెండు చెంబులు!"

"తప్పితే?" అన్నాను.

"ఎవరి పెట్టె వాళ్లు పెట్టుకోండి. అద్దె అన్నానంటే నా తోక కోసెయ్యండి!"

దూడ తల్లి వంక చూసింది. తల్లి నా వంక చూసింది. సరే, అంత బరువు మోయడానికి ఈ రొమ్ము తప్ప ఇంకేముంది ఆ దొడ్లో?

జంబయ్యని అటు తిప్పి నిలబెట్టి, రెండు పెట్టెల మీదా మా కోళ్ల గంపలు బోర్లించాను. నక్క ముక్కుకి వాసన అందకుండా గంపలకి పచ్చిపేడ మెత్తించాను. ఓబులమ్మ ఉండగా పేడకేం కరువు! ఆ ఆలోచన దేవతలకి కూడా తట్టేది కాదు.

మొదటి పెట్టెకి తీగ తగిలించాం. పాట ఏరులా పారింది. రెండోదానికి తగిలించాం. పాట ఆగి, మూలిగి, మళ్లీ ఆగింది.

"విన్నారా!" జంబయ్య తోక ఝాడించాడు. "మొదటిది నాది. రెండోది దగ్గు పట్టిన ముసలి పెట్టె, సంత సరుకు. పెంట మీద పారెయ్యండి!"

ఒక్క తన్ను తన్నాను. మొదటి గంప ఆకాశానికెగిరి, మబ్బుని గీరి కిందపడింది. గంప కింద ఓబులమ్మ కొత్త మోడెమ్ తళతళలాడుతోంది. రెండో గంప కింద జంబయ్య పెట్టె, దాని సందుల్లోంచి బొద్దింకల కుటుంబం తొంగిచూస్తోంది.

"నేనేమీ అనలేదు మరిదీ," అంది ఓబులమ్మ. "నీ సరుకుని నువ్వే తిట్టుకున్నావు. పెంట మీదికి దారి అటు."

ఆమె మోడెమ్‌కి మళ్లీ తీగ పెట్టాం. పాట ఊపందుకుంది, ఓబులమ్మ అక్కడికక్కడే చేపింది. దూడ మూతంతా నురగే. జంబయ్య పెట్టె నెత్తిన పెట్టుకుని, తోక కాళ్లసందున దాచుకుని పోయాడు.

సొంతానికి ఒక్కసారి వంగితే చాలు, అద్దెకి రోజూ వంగాలి.

గంప మబ్బుని గీరిందా అని ఇంకా అనుమానమా? అది ఎవరి పక్కన వచ్చి పడిందో ఆవిడనే అడగండి. పెంట దగ్గర ఉంటుంది, బాతు మంగతాయారు.