నాలుగు వేళ్ళ నేత

"మాస్టారూ, అటూ ఇటూ తిప్పకుండా ఒక్క ముక్కలో చెప్పండి. సరైన షట్టర్ స్పీడ్ ఏది?"

ఝాన్సీ అడిగిన తీరుకి మేడ మీద కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. కాలేజీ వక్తృత్వ పోటీల్లో ఎదుటి జట్టుకు ముచ్చెమటలు పట్టించి వచ్చిన పిల్ల ఆమె. ప్రశ్న వేసిందంటే జవాబు కొంగున కట్టుకునే వేస్తుంది. షట్టర్ స్పీడంటే కెమెరా తన కన్ను ఎంతసేపు తెరిచి ఉంచాలన్నదే కదా! ఎంత తక్కువసేపు తెరిస్తే కదిలేది అంత నిలిచి, బొమ్మ అంత నిక్కచ్చిగా వస్తుంది. "మసక అంటే అబద్ధం మాస్టారూ. సెకనులో వెయ్యో వంతు తెరవాలి. అదే నిజం. కాదనండి చూద్దాం."

సాల్మన్ మాస్టారు కాదనలేదు, ఔననలేదు. చీరాలలో ముప్పయ్యేళ్ళు సైన్సు పాఠం చెప్పి, రిటైరయ్యాక శనివారం సాయంత్రాలు ఫోటోల మీద మోజున్నవాళ్ళని మేడ మీద కూర్చోబెట్టుకునే ఆయనకి ఒక అలవాటుంది. గట్టి ప్రశ్న వస్తే చొక్కా జేబు తట్టి "ఇందులో వేసుకున్నాను" అంటారు. ఆ జేబులోంచి జవాబు ఎప్పుడు బయటికొస్తుందో, ఏ రూపంలో వస్తుందో ఆయన శిష్యులెవరూ ముందుగా కనిపెట్టలేకపోయారు. ఆ రోజు కూడా జేబు తట్టి ఊరుకున్నారు.

బుధవారం పొద్దున్నే ఫోను చేశారు. "కెమెరా తీసుకుని పేరాల రామ్మా. చౌడమ్మగారని, మా పాత విద్యార్థి తల్లి. ఆమెకో ఫోటో కావాలట."

వెళ్ళేసరికి చౌడమ్మ నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని మగ్గం నేస్తోంది. అరవై దాటిన మనిషి. కుడి భుజం అరిగిపోయింది, ఇక చాలించమన్నాడు డాక్టరు. మగ్గం మీద ఉన్నది ఆమె ఆఖరి చీర. అందులోనూ మిగిలింది నాలుగు వేళ్ళ నేత. అది అయిపోతే మగ్గం విప్పేస్తారు, రేపు గుంట పూడ్చేస్తారు.

"ఆ గుంట ఉన్నచోట పైన గోడకి ఫోటో పెట్టుకుంటానమ్మాయ్, నేను నేస్తున్నది," అంది చౌడమ్మ, చెయ్యి ఆపకుండానే. "ఇన్నేళ్ళలో ఒక్కరూ తియ్యలేదు. తీసేవాళ్ళంతా చీరలకే తీస్తారు."

ఆ మాటకి ఝాన్సీకి రోషం వచ్చింది. ఇదిగో చూడు ఎలా తీస్తానో అనుకుంది. కిటికీ పక్కకి చేరి, వెయ్యో వంతు పెట్టి, వరసగా నొక్కింది. తీసిన ప్రతి ఫోటోకీ నంబర్లు రాసుకునే చిన్న నోటుబుక్కులో ఆ అంకె గర్వంగా రాసుకుంది. గర్వపడాల్సిన ఫోటోయే మరి! అడ్డపోగుని మోసుకుంటూ అటు చేతినుంచి ఇటు చేతికి కంటికి ఆనకుండా దూసుకుపోయే నాడె, పడుగు పోగుల నడుమ కొనలు మెరుస్తూ కదలక మెదలక నిలబడింది. పోగు పోగూ వేరుగా కనిపిస్తోంది.

చౌడమ్మ కెమెరా వెనక అద్దంలోకి చూసింది. ముఖం మాడిపోయింది.

"మగ్గం ఆపేశావేంటమ్మాయ్?"

"ఆగలేదు మామ్మా. అంత స్పీడులో వెళ్తున్నా పట్టుకున్నానన్నమాట."

"మరి నాడె మధ్యలో పడుందే!" చౌడమ్మ గొంతు తగ్గించింది. "మా ఇంట్లో నాడెని అంచుకి చేర్చకుండా ఎవ్వరం లేవం. మధ్యలో వదిలేసి నేను లేచింది ఒక్కసారే. మా ఆయన పోయాడని కబురొచ్చినప్పుడు. దీన్ని గోడకి పెట్టుకుని రోజూ చూడమంటావా?"

ఫోటోలో అబద్ధమేమీ లేదు. అయినా ఆ ఇంట్లో ఝాన్సీ వెయ్యో వంతు నిజం చావు కబురులా కూర్చుంది.

మూడు వేళ్ళు మిగిలాయి.

సరే, ఆపితే తప్పయితే అస్సలు ఆపను అనుకుంది. ఆవేశం మనిషి కదా, ఈ కొసనుంచి ఆ కొసకి దూకింది. అర సెకను పెట్టి, చేత్తో పట్టుకునే తీసింది. ఈసారి నాడె కదిలింది. దాంతోపాటు చెయ్యీ, ముఖమూ, గోడా, కిటికీ అన్నీ కదిలిపోయాయి.

చౌడమ్మ పకపకా నవ్వింది. "ఇందులో నేనెక్కడున్నానే తల్లీ? పొగ కూర్చుని చీర నేస్తోంది!"

"మామ్మా, కాస్త నిదానంగా నెయ్యవా? పోనీ, నేస్తున్నట్టు ఊరికే చెయ్యి."

"నేస్తున్నట్టు చెయ్యడం నాకు రాదమ్మాయ్. నెయ్యడమే వచ్చు." చౌడమ్మ బట్ట మీద వేళ్ళు ఆనించి చూసుకుంది. "రెండు వేళ్ళుంది. ఇక నీ ఇష్టం."

ఝాన్సీ మాస్టారి వైపు తిరిగింది. "ఎంత పెట్టాలో చెప్పండి మాస్టారూ! అయిపోతోంది. మళ్ళీ దొరకదు ఇది."

గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చున్న మాస్టారు తాపీగా అన్నారు. "అంకె నాకూ తెలీదమ్మా. కదిలేవన్నీ చూశావు. ఆవిడ ఏది కదలనివ్వట్లేదో చూశావా?"

ఆ క్షణాన ఆయన మీద పీకలదాకా కోపం వచ్చింది. అయినా కెమెరా ఒళ్ళో పెట్టుకుని, గుంట అంచున నేల మీద చతికిలబడింది. చూసింది.

కాలు పలకని నొక్కుతుంది, పోగులు రెండుగా విడిపోతాయి. కుడిచెయ్యి విసురుతుంది, ఎడమచెయ్యి అందుకుంటుంది. దువ్వెనలాంటి అచ్చుని ముందుకు లాగి కొట్టినప్పుడు ఒళ్ళంతా ఊగుతుంది. మళ్ళీ కాలు, మళ్ళీ చెయ్యి. మొదట అంతా ఒకటే కదలికలా ఉంది. వేలెడు నేత ఆమె కళ్ళముందే అయిపోయింది. వేళ్ళు కెమెరా వైపు పాకుతున్నా బిగపట్టుకుంది.

అప్పుడు కనిపించింది. నాడె పోగులు దాటే ఆ కాస్త సేపూ చౌడమ్మ తల కదలదు. కళ్ళు కొత్త పోగు పడే గీత మీదే ఉంటాయి. ఊపిరి కూడా ఆగుతుంది. నాడె అటు చేరగానే ఊపిరి వదిలి, అచ్చు కొడుతుంది. భుజం అరిగింది గానీ, ఆ చూపు మటుకు మొదటి చీర నేసిననాటి చూపే అయి ఉంటుంది. కాలేజీలో ఎన్ని చప్పట్లు కొట్టించుకున్నా, ఝాన్సీ ఏ పని మీదా అలా ఒక్కసారైనా నిలబడలేదు. అది ఆమెకే తెలిసొచ్చింది.

అప్పటికి నాలుగైదు పోగుల నేతే మిగిలింది. ముందుకు వంగి మోచేతులు గుంట అంచుకి గట్టిగా ఆనించింది. పదిహేనో వంతు పెట్టింది. చౌడమ్మ ఊపిరి బిగపట్టినప్పుడల్లా తనూ బిగపట్టి నొక్కింది. ఒకటి. రెండు. మూడు. అంతలో చౌడమ్మ నాడెని అంచుకి చేర్చి, చేత్తో ఒకసారి నిమిరి, అక్కడ పెట్టేసింది. చీర అయిపోయింది.

మొదటి రెండూ చెడిపోయాయి. మూడోదాన్ని ఝాన్సీ అందించింది. అందులో చౌడమ్మ ముఖం ప్రతి ముడతతో స్పష్టంగా ఉంది. చేతులు మాత్రం గాలిలో చెదిరి ఉన్నాయి. ఆ చేతినుంచి ఈ చేతికి నాడె ఒక తెల్లని చారలా సాగిపోతోంది.

చౌడమ్మ చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా, గుంటలో ఆమె కాలు తనంతట తానే కింది పలకని ఒకసారి నొక్కింది. పని అయిపోయిన మగ్గం టక్కుమంది.

"ఇదిగో," అంది. "ఇది నేస్తోంది."

తిరిగి వస్తుంటే వీధి మలుపులో ఝాన్సీ నోటుబుక్కు తీసి 'పదిహేనో వంతు' అని రాసుకుంది. కింద రెండు గీతలు కొట్టింది. "అయితే ఇదన్నమాట మాస్టారూ, సరైనది!"

మాస్టారు ఆగి, ఆ పేజీలోకి తొంగిచూసి, చొక్కా జేబు సర్దుకున్నారు.

"తియ్యడానికి పట్టిన సేపు రాసుకున్నావు, బావుంది. చూడ్డానికి పట్టిన సేపు ఏ వరసలో రాస్తావమ్మా?"