వకుళ సాలు

పుల్లమ్మ టీచర్ని ఏదైనా అడిగితే జవాబు దొరకదు, పని దొరుకుతుంది. ఆ సంగతి తెలిసినవాళ్ళు ఆమెను ఊరికే ఏదీ అడగరు. వకుళకు తెలుసు, అయినా అడిగింది. కొన్నాళ్ళుగా ఆమెకు కంటి మీద కునుకు లేదు, తిన్నది ఒంటబట్టడం లేదు.

"అమ్మా, మద్దమ్మను పరీక్షకు పంపమంటారా, వద్దంటారా?"

ఈ ప్రశ్న వెనక ఉన్న భయమేమిటో ముందు చెప్పాలి. రాళ్ళవాగుపల్లె ఆడపిల్లల హైస్కూలు ఊళ్ళో లేదు. వాగు దాటి, మిట్ట ఎక్కితే వస్తుంది. ఐదో తరగతి కాగానే ఆడపిల్లను పత్తి చేలోకో పెళ్ళి పీటల మీదకో తోలేసే ఊరది. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక పుల్లమ్మ ఇంటింటికీ తిరిగి, తిట్లు తిని, తిన్నవాటికి రెట్టింపు తిట్టి, పిల్లల్ని పోగుచేసి పెట్టిన బడి. వకుళ కర్నూలులో చదువుకున్న అమ్మాయి. బడికి కావలసినవి సమకూర్చే సంఘం తరఫున వచ్చి, వచ్చిన పని అయిపోయాక కూడా తిరిగి వెళ్ళక, పుల్లమ్మ దగ్గరే శిష్యురాలిగా ఉండిపోయింది.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో, బడి వదిలాక, వాగు దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు మోటారు సైకిలు మీద వచ్చి తొమ్మిదో తరగతి పిల్ల చున్నీ లాక్కుని పోయారు. మర్నాడు పెద్ద తరగతుల బెంచీలు సగం ఖాళీ. ఊరి పెద్దలు కూర్చుని ఆలోచించి ఒక తీర్మానం చేశారు: ఇంకొక్కసారి ఏ పిల్లకు ఏం జరిగినా, అందరు పిల్లల్నీ మానిపించడమే. చున్నీ లాగినవాళ్ళ మీద మాత్రం ఏ తీర్మానమూ లేదు. మగపిల్లలు, పైగా బండి కొత్తది, పాపం వాళ్ళు మాత్రం ఏం చేస్తారు! పుల్లమ్మ రోజూ పొద్దున్నే ఆ కుర్రాళ్ళ రెండిళ్ళ అరుగుల మీద మార్చి మార్చి కూర్చునేది. దారినపోయేవాళ్ళు ఎందుకు కూర్చున్నావని అడిగితే, ఎందుకో వివరంగా చెప్పేది, గొంతు తగ్గించకుండా. అడిగేవాళ్ళు పెరిగాక, ఆ తల్లులే బండి తాళాలు లాక్కుని బియ్యపు డబ్బాల్లో దాచారు.

వకుళ వేరే దారి పట్టింది. నగరంలో సంఘం వాళ్ళను బతిమాలి బడి చుట్టూ నిలువెత్తు గోడ కట్టించింది. గేటు పెట్టించింది. వాగు వైపు కిటికీలకు ఇనప రేకులు కొట్టించింది. పిల్లల్ని తేవడానికి, దించడానికి చుట్టూ పరదాలు కట్టిన ఆటో మాట్లాడింది. మైదానం రోడ్డుకు కనిపిస్తుందని కబడ్డీ ఆపేసింది. తండ్రులు సంతోషించారు, బెంచీలు మళ్ళీ నిండాయి. ఒకాయన గేటు మీద చెయ్యి వేసి, ఇంత భద్రం మా ఇంట్లో కూడా లేదని మెచ్చుకున్నాడు. వకుళ పొంగిపోయింది. ఆ పూట పుల్లమ్మ అన్నం ముట్టలేదని వంటామె తర్వాత చెప్పింది.

ఇక మద్దమ్మ. పదో తరగతి. నోరున్న పిల్ల, దానికి తగ్గ బుర్ర కూడా ఉంది. పది పూర్తయ్యాక పట్నంలో హాస్టల్లో ఉండి పై చదువు చదువుకునేందుకు సాయం దొరికే పరీక్ష ఒకటుంది, అది జిల్లా కేంద్రంలో పెడతారు. ఈ బడి నుంచి అందాకా ఎవరూ రాయలేదు. రెండు బస్సులు మారి పోవాలి, పొద్దుగూకేలోపు రావాలి.

తోడుగా నువ్వు వెళ్ళు అంది పుల్లమ్మ. దానికి వకుళ దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. ఈ ఒక్కసారికి తాను వెళ్తుంది, సరే. పిల్ల పాసైతే? రెండేళ్ళు పట్నంలో ఉండాలి. ప్రతి సెలవుకీ ఆ బస్సుల్లో ఒక్కతే వచ్చిపోవాలి. ఎప్పుడో, ఎక్కడో ఏదో ఒకటి జరుగుతుంది. అది పట్నంలో జరిగినా సరే, ఇక్కడ గేటుకు తాళం పడుతుంది. ఒక్క పిల్ల కోసం ఇంతమందిని పణంగా పెట్టనా? అంది వకుళ.

ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఆడపిల్లల బడి నడిపేవాళ్ళు ఎవరైనా సరే, పొద్దున లేస్తూనే ఈ లెక్క వేసుకుంటారు. వేసుకునే గతి పట్టించినవాళ్ళు మాత్రం హాయిగా నిద్రపోతారు.

పుల్లమ్మ విన్నది. విని, "నీకు మొగ్గ ఒలవడం వచ్చా?" అని అడిగింది.

ఆ సాయంత్రం ఇద్దరూ మద్దమ్మ తల్లి ఈరమ్మ చేలో ఉన్నారు. ఆ చుట్టుపక్కల విత్తనం కోసం పత్తి వేస్తారు. మామూలు పత్తి తన మానాన తాను కాస్తుంది. విత్తనం పత్తికి ఆడవాళ్ళ వేళ్ళు కావాలి. మర్నాడు విచ్చబోయే మొగ్గను సాయంత్రం పూట చూసి పట్టుకుని, బొటనవేలి గోటితో పూరేకులు ఒలిచి, లోపలి పుప్పొడినంతా గిల్లేసి, నడిమి కాడను మాత్రం మిగుల్చుతారు. దానికి ఎర్ర కాగితం తొడుగుతారు. ఏ తేనెటీగో, తుమ్మెదో పరాయి పొడి తెచ్చి అంటించకుండా ఆ కాపలా. పొద్దున, పొడి కోసమే వేరుగా వేసిన మగ చెట్ల పూలు కోసుకొచ్చి, కాగితం తీసి, పువ్వుతో ఆ కాడను తడుముతారు. తడిమితేనే కాయ, అదీ ఆ పూటే; మర్నాటికి కాడ వాడిపోతుంది.

ఒక సాలు ఈ అమ్మాయికి వదిలెయ్యి అని పుల్లమ్మ అడిగితే, ఈరమ్మ వకుళ చేతులు తిప్పి చూసింది.

"ఈమెకు అరటిపండు కూడా ఎవురో ఒలిచి పెట్టినట్టున్నారు టీచరమ్మా. ఇస్తా గానీ, కాయ పడకుంటే ఆ సాల్లో నిన్నే దిష్టిబొమ్మగా నిలబెడతా."

"నిలబెట్టు. పిట్టలన్నా భయపడతాయి, నీ మొగుడు ఎటూ భయపడడు," అంది పుల్లమ్మ.

వకుళ పని చూసి ఈరమ్మే ఆశ్చర్యపోయింది. నిదానమే గానీ ఒక్క కాడకూ గోరు తగలనివ్వలేదు. కాగితాలు ఎంత శ్రద్ధగా తొడిగిందంటే, పక్క సాళ్ళలో గాలికి ఎగిరిపోయినవి ఉన్నాయి గానీ ఆమె సాల్లో ఒక్కటీ కదల్లేదు. ఆఖరి వెలుగులో ఆ సాలు పొడుగునా ఎర్రగా, దీపాలు పెట్టినట్టు కనిపించింది. చాలా రోజుల తర్వాత ఆ అమ్మాయి మొహంలో కాస్త నెమ్మది కనిపించింది.

తెల్లారేసరికి ఆకాశం నల్లబడింది. తుంపర. ఆడవాళ్ళు పరుగు పరుగున వచ్చి, తెరిపి ఇచ్చిన కాసేపట్లో కాగితాలు లాగేస్తూ, కొంగు గొడుగులా అడ్డం పట్టి, మగ పూలు అద్దుకుంటూ పోతున్నారు. వకుళ బుట్టతో తన సాలు మొదట్లో నిలబడిపోయింది. ఒక కాగితం మీద చెయ్యి వేసింది, తీసింది. మళ్ళీ వేసింది. ఇప్పుడు విప్పితే తడుస్తుంది, పొడి కొట్టుకుపోతుంది, గాలికి కాడ విరిగినా విరుగుతుంది. లోపల ఉన్నంతసేపు భద్రం. రేపు ఎండ వస్తే రేపే తీద్దాం. ఇవాళ్టి పని ఇవాళే చేయాలని నిన్ననే చెప్పారు, ఆమెకు గుర్తుంది. గుర్తున్నా చెయ్యి ఆడలేదు.

ఈరమ్మ రెండు సాళ్ళ అవతల నుంచి తియ్యి తల్లీ, తియ్యి అని మొత్తుకుంది. పుల్లమ్మ ఈరమ్మ భుజం పట్టి ఆపింది.

"ఆమె సాలు. ఆమె ఇష్టం."

"సాలు నాది," అంది ఈరమ్మ పళ్ళ సందున. కానీ టీచరు మొహం చూసి, నోట్లో ఏదో అనుకుంటూ తన పనిలోకి వంగింది.

మర్నాడు ఎండ కాసింది. వకుళ ఒక్కో కాగితం జాగ్రత్తగా తీసి, ఒక్కో కాడకూ పువ్వు అద్ది, ఒక్కటీ వదలకుండా సాలు పూర్తి చేసింది.

పరీక్ష దగ్గర పడుతోంది. పుల్లమ్మ ఆ ఊసే ఎత్తదు. అడిగిన ప్రశ్న ఆమె మర్చిపోయిందేమోనని వకుళకు బెంగ, గుర్తు చేస్తే ఇంకే పని చెబుతుందోనని ఇంకో బెంగ. మద్దమ్మ పట్టపగలు లైటు వేసుకుని, రేకులు కొట్టిన కిటికీ కింద కూర్చుని చదువుతోంది. కనిపించినప్పుడల్లా, అక్కా, నేను పోతాండానా లేదా అని అడుగుతుంది. వకుళ చూద్దాం అంటుంది. ఒకరోజు పిల్ల పుస్తకం మూసింది.

"మా నాయన కూడా చూద్దామనే అంటాడక్కా. వద్దనడానికి మొహం చెల్లనప్పుడు."

ఆ మాటతో వకుళ గదిలోకి పోయి కూర్చుంది. ఊరి పెద్ద ఒకాయన అదే సాయంత్రం గేటు దాకా వచ్చి, ఆ ఈరమ్మ కూతుర్ని పట్నం తోలుతున్నారంట, మా తీర్మానం గుర్తుంది గదా అని నవ్వుతూ అడిగి పోయాడు. నవ్వుతూ అడిగేవాళ్ళతోనే జాగ్రత్తగా ఉండాలి.

పరీక్ష ముందు రోజు పుల్లమ్మ వకుళను చేనికి తీసుకుపోయింది. పక్క సాళ్ళు అంత బాగా ఏం లేవు. వానకు పాడై రాలినవి ఉన్నాయి, పురుగు తొలిచినవి ఉన్నాయి, కాడ విరిగినవి ఉన్నాయి. వాటి మధ్యనే, ఆకుల చాటున, రేగుపండంత కాయలు పచ్చగా బిగుసుకుని ఉన్నాయి. వకుళ తన సాలు మొదటి నుంచి వెతుక్కుంటూ పోయింది. ఆ రోజు తొడిగిన చోట్ల ఉత్త కణుపులే. కింద మట్టిలో రాలిన పూలు. వాన చుక్క పడలేదు, పురుగు ముట్టలేదు, ఒక్క మచ్చ లేదు. శుభ్రంగా ఎండిపోయి ఉన్నాయి. సాలు చివరికంటా పోయి, నమ్మకం కుదరక, మళ్ళీ మొదటికంటా వెనక్కి చూసుకుంటూ వచ్చింది. ఒక్క కాయ లేదు.

"తడుస్తాయని..." అంది.

"తడవలేదులే తల్లీ," అంది ఈరమ్మ. "నీ పూలకేం, దొరసానుల్లా పోయినాయి."

వకుళ కింద కూర్చుని రాలిన పువ్వొకటి అరచేతిలోకి తీసుకుంది. తలెత్తి పుల్లమ్మను అడిగింది. మీకు ఆ పొద్దునే తెలుసు గదా, ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?

"మబ్బు నాకూ కనపడింది," అంది పుల్లమ్మ. "తియ్యాల్సిన చెయ్యి మాత్రం నీది."

ఆ రాత్రే వకుళ మద్దమ్మ ఇంటికి పోయి, పోతున్నావని చెప్పింది. మర్నాడు పొద్దున రోడ్డు మీద, బస్సు ఆగే చోట, పరీక్ష మద్దమ్మదే అయినా ఊరు సగం అక్కడే ఉంది. చూడ్డానికి కొందరు, రేపు చెప్పుకోవడానికి కొందరు. ఈరమ్మ చద్దిమూట చేతికిచ్చి, ఎవురన్నా ముట్టుకుంటే చెప్పు తియ్యి, సిగ్గుపడి కూచోవద్దని అందరికీ వినపడేలా చెప్పింది. జిల్లా కేంద్రం బస్టాండులో పుల్లమ్మ దగ్గర ఒకప్పుడు చదివిన ఒకామె ఎదురుచూస్తూ ఉంటుంది, ఆ ఏర్పాటు ముందే అయింది. వకుళ కూడా భుజానికి సంచి తగిలించుకునే వచ్చింది. బస్సు ఆగగానే మద్దమ్మ వెనకే మెట్టు మీద కాలు పెట్టింది.

పిల్ల వెనక్కి తిరిగి చూసింది. నవ్వు ఆపుకుంటోంది, కళ్ళల్లో మాత్రం నీళ్ళు.

"నువ్వుండక్కా. నువ్వొస్తే పరీక్షకు చదివిందంతా పోతాది. దారిపొడుగునా నీకు నేను ధైర్యం చెప్పుకుంటా పోవాల."

కండక్టరు ఎక్కుతారా దిగుతారా అని విసుక్కున్నాడు. వకుళ మెట్టు మీది కాలు తీయలేక, పెట్టలేక ఒక్క క్షణం అలాగే ఉంది. తర్వాత దిగింది. బస్సు కదిలింది. మలుపు తిరిగే దాకా కిటికీలో మద్దమ్మ చెయ్యి కనిపించింది, ఆ తర్వాత దుమ్ము. తీర్మానం పెద్దమనిషి దగ్గరికొచ్చి, సాయంత్రం దాకా చూద్దాం లెండి అన్నాడు. జనం పలచబడ్డారు.

వకుళ ఆ మలుపు వైపే చూస్తూ నిలబడింది. పుల్లమ్మ కూడా అటే చూస్తోంది. ఆమె కొంగు చివర ఆమె పిడికిట్లో నలిగి ముద్దయిపోయి ఉంది.

"మీకు భయం లేదా అమ్మా?"

"ఎందుకు లేదు," అంది పుల్లమ్మ పిడికిలి విప్పకుండానే. "నడువు. పొద్దెక్కుతోంది, చేలో కాగితాలు తీసే వేళయింది."