తలకో కాసు

రాజుగారి బావమరిది వీరభోగయ్య అంగళ్లకు జనాన్ని తోలుకొచ్చి తలకో కాసు వసూలు చేసేవాడు. కొత్తగా తాటాకు గొడుగుల అంగడి పెట్టిన బంగారి కూడా ఆశపడి ఆ బేరానికి ఒప్పుకుంది.

మొదటిరోజే జనం వరస కట్టారు. వచ్చినవాళ్లంతా గొడుగు ఎత్తి చూడటం, దించేసి పోవడం. ఒక్కటీ అమ్ముడుపోలేదు.

సాయంత్రం జనం ఇంకా వస్తుండగానే వీరభోగయ్య సంత అధికారిని వెంటబెట్టుకొచ్చాడు. "నాలుగు వందల తలలు! కాసులు తియ్యి. లేదంటే అంగడి నాకు రాసియ్యి."

"అలాగే బాబూ. ఇంత అభిమానంగా వచ్చినవాళ్లను ఉత్త చేతులతో ఎలా పంపను?" అంటూ బంగారి పెద్ద గొడుగొకటి పైకెత్తింది. "ఇవాళ అందరికంటే ఎక్కువసార్లు వచ్చినవాళ్లకు ఇది ఊరికే ఇస్తా!"

"నేను ఇరవైసార్లు వచ్చా!"

"పోరా, నేను ఇరవై రెండు!"

జనం ఎగబడ్డారు. అధికారి వాళ్లను లెక్కపెడితే మొత్తం పద్దెనిమిది మంది తేలారు.

"అంతా అబద్ధం!" అని అరిచాడు వీరభోగయ్య.

"అబద్ధమేంటి దొరా?" అంటూ ఒకడు ఉక్రోషంగా ముందుకొచ్చాడు. "నేను ఇరవై ఆరుసార్లు వచ్చాను. లెక్కపెట్టింది తమరే కదా!"

అధికారికి నవ్వు ఆగలేదు. బంగారి పద్దెనిమిది కాసులు వీరభోగయ్య చేతిలో పోసి, గొడుగు మాత్రం ఆ ఇరవై ఆరుసార్లవాడికిచ్చింది.