ఎందుకక్కా?

కమలిని మండిపడుతూ గురువుగారింటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, ఆ పిల్ల మొదటి మెట్టు కూడా ఎక్కలేదు. ఎక్కదు కూడా!"

సత్యవాణి గారు కిటికీ దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. యూనివర్సిటీలో విద్యా మనస్తత్వశాస్త్రం చెబుతారావిడ. కమలినికి గురువు.

"ఏ పిల్ల?"

"సుమిత్ర. బీఎస్సీ మొదటి సంవత్సరం. అరకు అవతల ఎక్కడో ఊరు."

కమలిని ఆవిడ దగ్గర పీజీ చదువుతూ, అమ్మాయిల హాస్టల్లో రెసిడెంట్ అసిస్టెంట్‌గా ఉంటోంది. జూనియర్లతో పాటే ఉండి వాళ్ల బాగోగులు చూడాలి. సాయంత్రం గేటుకు తాళం వేయాలి. అందుకు గది, తిండి ఉచితం. పిల్లలు 'ఆర్‌ఏ అక్క' అంటారు.

విద్యార్థి మనసు ఎలా ఎదుగుతుందో క్లాసులో విన్న సిద్ధాంతాన్ని కమలిని రంగు కాగితాలతో మెట్లుగా కత్తిరించి హాస్టల్ గోడకు అంటించింది. పెద్దలు చెప్పిందే సరి అనుకోవడం అడుగు మెట్టు. ఎవరి మాట వాళ్లకు సరే అనుకోవడం దాని పైది. అన్నీ తూచి, తనదంటూ ఒక మాట ఎంచుకుని దాని మీద నిలబడటం అన్నిటికన్నా పైది.

పిల్లలు దాని ముందు ఆగి, "అక్కా, ఈ ఉప్మా తిన్నాక నేనో మెట్టు దిగిపోయా, చూడండి" అని నవ్వేవాళ్లు. కమలిని నవ్వేది కాదు. ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో ఆమె మనసులో ఎప్పుడో ఖాయం చేసేసింది.

"ఇంతకీ ఏం చేసిందామె?"

"గేటు మూశాక వచ్చింది మేడమ్, మళ్లీ! సారీ అక్కా అంటే పోయేదానికి, నన్నే నిలదీసింది. ల్యాబులో అబ్బాయిలు ప్రయోగం పూర్తి చేసుకుని వస్తారట. వీళ్లు మాత్రం సగంలో గాజు సామాను కడిగేసి ఆరున్నరకల్లా పరిగెత్తుకు రావాలట. అబ్బాయిల గేటుకు అసలు తాళమే లేదట. 'ఎందుకక్కా?' అని అడిగింది. అందరి ముందూ!"

"నువ్వేమన్నావు?"

"రూలంటే రూలే అన్నాను."

చిక్కుడుకాయ పుటుక్కుమని విరిగింది.

"ఎదురు మాట్లాడిందని వార్డెన్ మేడమ్‌కి చెప్పాను. రేపు రాత్రి భోజనాల హాల్లో అందరి ముందు క్షమాపణ అడగాలి, లేదంటే హాస్టల్ ఖాళీ చేయాలి అన్నారావిడ. అయినా అడగనంటోంది! బయట గది తీసుకునే స్తోమత లేదు. హాస్టల్ పోతే చదువు పోయినట్టే. అంతా తెలిసీ మొండికేసి కూర్చుంది. మేడమ్, రేపు సాయంత్రం మీరొక్కసారి రండి. ఆ మెట్ల సంగతి మీ నోటితో చెప్పండి. అప్పుడైనా బుద్ధొస్తుందేమో."

"వస్తాను," అన్నారు సత్యవాణి గారు.

మర్నాడు సాయంత్రం గురువుగారి ఉపన్యాసం కోసం గేటు లోపలి ఖాళీ స్థలంలో జంపఖానా పరిచారు. పిల్లలంతా చేరారు, సుమిత్ర తప్ప. గురువుగారూ ఇంకా రాలేదు. ఆరున్నర అయింది. వరండాలో నిలబడ్డ వార్డెన్ గడియారం వంక, గేటు వంక చూసింది. కమలిని వెళ్లి తాళం వేసింది.

వెలుగు తగ్గుతుండగా ఊచల్లోంచి ఇద్దరు కనిపించారు. ల్యాబు వైపు నుంచి దీపాల్లేని దారిలో తాపీగా నడిచి వస్తున్నారు. ఒకరు సత్యవాణి గారు. పక్కన మరకల తెల్లకోటులో సుమిత్ర.

కమలిని గబగబా తాళం తీసింది. "రండి మేడమ్, మీకోసమే చూస్తున్నాం." సుమిత్రతో మాత్రం, "నువ్వక్కడే ఆగు" అంది.

సత్యవాణి గారు అడుగు వేయలేదు. "గేటు వేళ దాటిపోయింది కదమ్మా?"

"అయ్యో, అది మీకు కాదు మేడమ్."

"ఎందుకు?"

"మీరు... పెద్దవారు."

"పెద్దవాళ్లకు చీకట్లో కళ్లు ఎక్కువ కనిపిస్తాయా?"

జంపఖానా మీద ఎవరో కిసుక్కుమన్నారు.

"ల్యాబులో ఈ అమ్మాయి పని అయ్యేదాకా నేనూ కూర్చున్నాను," అన్నారు సత్యవాణి గారు. "చివరి చుక్క పడేదాకా రంగు మారదట. ఆ చుక్క పడకముందే వీళ్లు లేచి వచ్చేయాలట." గేటు పక్కనున్న సిమెంటు దిమ్మ మీద కొంగుతో దుమ్ము దులిపి కూర్చున్నారు. "రా సుమిత్రా, కూర్చో. ఇద్దరం ఆలస్యంగా వచ్చినవాళ్లమే."

కమలిని మొహం ఎర్రబడింది. "ఇది అన్యాయం మేడమ్! నేను చేసేది నా పని. అందరి ముందు నన్నిలా నిలబెడతారా?"

"ఎదురు మాట్లాడుతున్నావా?"

కమలిని నోరు ఠక్కున మూతపడింది.

"ఆపకు, మాట్లాడు," అన్నారావిడ. "బాగుంది."

సుమిత్ర దిమ్మ మీద కూర్చోలేదు. కోటు జేబుల్లో చేతులు బిగించి నిలబడింది.

"అక్కా, నా తప్పేంటో చెప్పండి, ఇప్పుడే క్షమాపణ అడుగుతాను. దారిలో దీపాల్లేవని గేటు తొందరగా మూస్తారు. మూశాక ఆ చీకట్లోనే నన్ను నిలబెడతారు. ఇదేం భద్రతక్కా? దీపాలు పెట్టించడం చేతకాక మా చదువు మీద తాళం వేస్తారా? సామాను కట్టేసుకున్నాను. పొమ్మంటే పోతాను. ఎందుకో చెప్పి పొమ్మనండి."

వెనక నుంచి ఓ పిల్ల గొంతు తగ్గించి అడిగింది: "ఆర్‌ఏ అక్కా, సుమిత్ర ఏ మెట్టు మీద ఉన్నట్టు?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

కమలిని చేతిలోని తాళంచెవి వంక చూసుకుంది. 'ఎందుకు?' అన్న ప్రశ్న తనకూ ఒకప్పుడు వచ్చింది, మొదటి సంవత్సరంలో, ఇదే గేటు ముందు. అప్పుడు మింగేసింది. మింగి, మంచి పిల్ల అనిపించుకుని, ఈ తాళంచెవి సంపాదించింది.

వరండాలోంచి వార్డెన్ కేక వినిపించింది.

"కమలినీ! ఏంటా బాతాఖానీ? గేటు ఇంకా తెరిచే ఉందేం? మూసెయ్!"

'అలాగే మేడమ్' అన్నది నాలుక చివరిదాకా వచ్చింది. తన గది, తన తిండి, తన పీజీ అన్నీ ఆ మాట మీదే నిలబడి ఉన్నాయి.

కమలిని గేటు దాటి బయటికి వచ్చింది. సుమిత్ర పక్కన నిలబడి వరండా వైపు తిరిగింది.

"ఎందుకు మేడమ్?"

ఆ మాట వరండా దాకా వినిపించింది.

"ఏంటీ?" అంది వార్డెన్.

"ఎందుకు మూయాలి మేడమ్? కారణం చెప్పండి. నేనూ ఈ పిల్లకు చెప్పాలిగా."

వార్డెన్ వరండా అంచుదాకా వచ్చి ఆగింది. లోపల పిల్లలు ఒక్కొక్కరే లేచారు. తలో అంచూ పట్టుకుని జంపఖానా ఎత్తి గేటు వైపు మోసుకు వస్తున్నారు.

సత్యవాణి గారు దిమ్మ మీద కాస్త జరిగి, ఇద్దరికీ చోటిచ్చారు.

"కూర్చోండి. ఇక మొదలుపెడదాం."