పన్నెలో మిగిలిన పోగులు

ఉరుకుందుకు ఒక గర్వం ఉండేది. తన చేతిలో ఉన్న కంప్యూటర్‌లో అక్కరలేని ఫైలు ఒక్కటి కూడా ఉండదని.

అతను ఎమ్మిగనూరులో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ లెక్చరర్. సాయంత్రాలూ సెలవులూ చౌడయ్య స్వామి ఇంట్లోనే. చౌడయ్య స్వామి నేతగాడు, తత్వాలు పాడే గురువుల వరసలో నాలుగోవాడు. కాషాయం కట్టడు, ప్రవచనాలు చెప్పడు. పొద్దున మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటే మధ్యాహ్నం సంగటి వేళకే లేచేది. ప్రశ్న ఉన్నవాళ్లు మగ్గం పక్కన కూర్చుని అడగాలి. పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడె ఆగితే జవాబు వస్తుంది. ఆగకపోతే ప్రశ్న ఇంకా తయారు కాలేదని అర్థం.

ఆయన గురువును అందరూ పెద్దస్వామి అనేవారు. పెద్దస్వామి కట్టిన తత్వాలు మూడు వందల పన్నెండు. అవి అట్టలూడిన నోటుబుక్కుల్లో, ముగ్గురు నలుగురి చేతిరాతల్లో ఉన్నాయి. వాటిని పుస్తకంగా వేయాలని శిష్యులు వసారాలో ఒక కంప్యూటర్ పెట్టారు. రెండేళ్లు ఉరుకుందు ఒక్కడే కూర్చుని టైపు చేశాడు. వచ్చే పున్నమికి పెద్దస్వామి ఆరాధన. ఆ రోజు పుస్తకం ఆయన సమాధి మీద పెట్టాలి. సోమవారంలోగా ఫైలు చేతికొస్తేనే పున్నమికి అందిస్తామని కర్నూలు ప్రెస్సువాళ్లు తేల్చి చెప్పారు.

గురువారం ఆ ఫైలు తెరుచుకోలేదు.

తప్పు ఎక్కడ జరిగిందో అతనికి వెంటనే తెలిసింది. వారం కిందట కంప్యూటర్ నెమ్మదించిందని అతను శుభ్రం చేశాడు. డౌన్‌లోడ్ చేసిన సాఫ్ట్‌వేర్ల సెటప్ ఫైళ్లన్నీ తీసేశాడు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశాడు. ఆ రోజు మగ్గం దగ్గరికి వచ్చి చెప్పుకున్నాడు కూడా.

"ఇల్లు కట్టినాక సెంట్రింగ్ చెక్కలు ఎవురన్నా ఇంట్లో పెట్టుకుంటారా స్వామీ? అంతా ఊడ్చేసినా. ఇప్పుడు అద్దం మాదిరి ఉంది."

నాడె ఆగలేదు.

ఇప్పుడు తెలుగు టైపు సాఫ్ట్‌వేర్ ఏదో సర్దుబాటు చేసుకోబోయి మధ్యలో నిలబడిపోయింది. తెర మీద ఒక పెట్టె తెరిచింది. నన్ను ఏ ఫైలు నుంచి ఎక్కించారో అది కనబడటం లేదు, ఆ చోటు చూపించు అంటుంది. అంతకు మించి ఒక్క అడుగు కదలదు. పోనీ మొత్తం తీసేసి మళ్లీ ఎక్కిద్దామంటే, తీసేయడానికి కూడా ఆ ఫైలునే అడిగింది. పోయిన ఫైళ్లను వెతికిపెట్టే ప్రోగ్రాములు రెండు నడిపాడు. పేరు దొరికింది, లోపల అంతా గుల్ల. కంపెనీ వెబ్‌సైటుకు వెళితే, ఆ కంపెనీ మూతబడి నాలుగేళ్లు. ఇంకెక్కడో దొరికిందని దింపితే అది వైరస్. మూడు వందల పన్నెండు తత్వాలూ ఉన్న ఫైలు కళ్లముందే ఉంది. దాన్ని తెరవగలిగేది ఆ సాఫ్ట్‌వేర్ ఒక్కటే.

గురువారం సాయంత్రం అతను మగ్గం పక్కన కూర్చున్నాడు. జరిగింది చెప్పాడు.

నాడె ఆగింది.

"ఆ పెట్టె ఏమడుగుతాంది?" అన్నాడు స్వామి.

"యాడి నుంచి వచ్చిందో ఆ చోటు చూపమంటాంది."

"ఆ చోటు పేరు రాసిందా?"

"రాసింది."

"ఏమని?"

"ఏదో పాత ఫోల్డర్ పేరు స్వామీ. ఇప్పుడు లేదు."

స్వామి అతని మొహం వంక కాసేపు చూశాడు. "లేదా," అని మళ్లీ నాడె అందుకున్నాడు. ఆపైన ఆ సాయంత్రమంతా అది ఆగలేదు.

శుక్రవారం పొద్దున ఉరుకుందు కాలేజీకి సెలవు పెట్టి వచ్చాడు. స్వామి మగ్గం మీదున్న పడుగులో ఆఖరి చీర ముగించి గుంటలోంచి పైకి వచ్చాడు. కత్తెర తీసి అతని చేతికిచ్చాడు.

"చీర కోసి మడిచిపెట్టు. మగ్గం శుభ్రం చెయ్యి."

మూడేళ్లుగా వస్తున్నా ఉరుకుందు చేతికి ఆ ఇంట్లో కత్తెర ఇవ్వడం అదే మొదలు. చీరను వంకర పోకుండా గీత గీసినట్టు కోశాడు. మడిచి చాప మీద పెట్టాడు. మగ్గం వైపు తిరిగాడు. పోగులను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెనలాంటి పన్నె సందుల్లో పాత పడుగు కొసలు జానెడు మేర మిగిలి, వేలాడుతున్నాయి. ఎగుడుదిగుడుగా, చిక్కు జుట్టులా. వాటిని చూస్తే అతని చేతులకు దురద పుట్టింది. ఒక గుప్పెడు పట్టి, బయటికి లాగెయ్యబోయాడు.

స్వామి గుంట అంచున కూర్చుని చూస్తున్నాడు.

"వద్దప్పా! వద్దు వద్దు వద్దు!"

స్వామి భార్య శంకరమ్మ వంటింట్లోంచి ఒక్క ఉరుకులో వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. పొయ్యి దగ్గర చెయ్యి, ఇంకా వేడిగా ఉంది.

"యాడ నేర్చినావు ఈ పని? కొంప ముంచుతుంటివి కదా!"

"చెత్త కదమ్మా ఇది? చీర అయిపోయింది."

"చీర అయిపోయింది. మగ్గం అయిపోయిందా?" ఆమె మొగుడి వైపు తిరిగింది. "నువ్వన్నా చెప్పకూడదా? దేవుడి పటం మాదిరి చూస్తా కూచుంటివి!"

స్వామి బూడిద చిప్ప ఆమె వైపు జరిపాడు.

శంకరమ్మ కొత్త పడుగు తెచ్చి మగ్గానికి ఎదురుగా పరిచింది. పన్నె ముందు చతికిలబడి వేళ్లకు బూడిద రాసుకుంది. పాత కొస ఒకటి, కొత్త కొస ఒకటి పట్టి బొటనవేలి కింద ఒక్క మెలిక తిప్పింది. రెండూ ఒకటైపోయాయి. ఇంకోటి. ఇంకోటి. చూపు పన్నె మీద, మాట ఇతని మీద.

"మూడు వేల ముప్పై పోగులు. ఒక్కొక్కటి ఈ సందులో దూర్చాల, దాని వెనక దారపు కంట్లో దూర్చాల. నువ్వు పీకేసింటే వారం దినాలు ఇద్దరం కండ్లు పోగొట్టుకుని కూచోవాల. కొసలు ఉన్నాయా, వాటికే అతికి లాగితే చాలు. రేపు పొద్దునకు మగ్గం ఆడతాది."

"ఈ కొసలు ఎప్పటివమ్మా?"

"పోయిన పడుగువి. అది దాని ముందరి దానికి అతికింది. అది ఇంకా ముందర దానికి. మొదటిది ఈయన గురువు దూర్చిండె." పెద్దస్వామి అని ఆమె అనలేదు. ఆమెకు ఆయన మామగారు కూడా, కోడలు మామ పేరు పలకదు. "పన్నె అరిగి మార్చినప్పుడు తప్ప ఈ మగ్గం ఉత్తగా ఉండింది లేదు. నేను ఈ ఇంటికొచ్చినాక అతికిందంతా నేనే. శంకరమ్మ అతికిన పోగు ఊడిందని ఈ వీధిలో ఒక్కరిని అననీ చూస్తా."

ఆ గొంతులో దాపరికం లేదు. దాచుకోవలసిన గర్వం కాదని ఆమెకు తెలుసు.

ఉరుకుందు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. వసారాలో కంప్యూటర్ తెర మీద ఆ పెట్టె ఇంకా తెరిచే ఉంది. నిన్న తాను స్వామికి చెప్పని పేరు దానిమీద ఇంకా ఉంది. మౌలాలి.

ఆదోనిలో పెళ్లికార్డులు, కరపత్రాలు టైపు చేసే మౌలాలి. పుస్తకం పని మొదలైనప్పుడు ఉరుకుందుకు పాఠం చెప్పడం వచ్చు గానీ తెలుగు టైపు చేయడం రాదు. మౌలాలి ఐదు రోజులు బస్సులో వచ్చి ఈ వసారాలోనే పక్కన కూర్చుని ఒత్తులూ గుడులూ నేర్పాడు. కంపెనీ ఉన్న రోజుల్లో డౌన్‌లోడ్ చేసి దాచుకున్న సెటప్ ఫైళ్లు ఒక ఫోల్డర్‌లో ఇచ్చి, దానికి తన పేరు పెట్టాడు. పోతూ, ఇది మాత్రం తీసెయ్యొద్దు సార్ అన్నాడు.

పోయిన ఏడు ఆరాధనలో ఎవరో అడిగారు, ఇంత పని ఎవరు నేర్పారని. "ఎవురూ నేర్పలా. నాకు నేనే నేర్చుకున్నా," అన్నాడు ఉరుకుందు, మైకులో. చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మౌలాలి కూడా కొట్టాడు. ఆ తర్వాత మళ్లీ ఈ ఇంటికి రాలేదు.

"అమ్మా, నేనొకటి అతకనా?"

శంకరమ్మ అనుమానంగా చూసి బూడిద చిప్ప ఇటు తోసింది. మొదటి మెలిక జారిపోయింది. రెండోదీ అంతే. మూడోది నిలిచినట్టే నిలిచి, లాగితే ఊడింది. నాలుగోది శంకరమ్మ తానే లాగి చూసింది. నిలిచింది.

అతను లేచి, వేళ్ల బూడిద తుడుచుకోకుండానే చెప్పాడు. "ఆదోని పోయొస్తా స్వామీ."

"పదకొండు గంటలకు బస్సుంది," అన్నాడు స్వామి.

మౌలాలి కొట్టు సైకిళ్ల షాపు పక్కన. అరవై దాటిన మనిషి, కళ్లద్దాలు ముక్కు కొసన పెట్టుకుని ఎవరిదో పెళ్లికార్డు దిద్దుతున్నాడు. తల ఎత్తి చూశాడు.

"ఓహో! రండి సార్, రండి. ఎవురూ నేర్పకుండానే ఆదోనికి దోవ కనుక్కున్యారే!"

కార్డు కోసం కూర్చున్న పెళ్లివాళ్లు అర్థం కాకపోయినా నవ్వారు. బస్సులో ఉరుకుందు నాలుగు వాక్యాలు సిద్ధం చేసుకున్నాడు. ఒక్కటీ నోటికి రాలేదు.

"మౌలాలి బాయ్, నీ ఫోల్డర్ పారేసినా."

"నా ఫోల్డరా?"

"నీ పేరు పెట్టింటివే, అదే. పని అయిపోయింది, ఇంకెందుకని తీసేసినా. ఇప్పుడు పుస్తకం తెరవమంటే అది నిన్ను అడుగుతాంది."

మౌలాలి చెయ్యి మౌస్ మీద ఆగిపోయింది.

"నన్నా?"

"నిన్నే. పేరుతో సహా. స్వామి అడిగితే ఆ పేరు నేను చెప్పలేదు."

మౌలాలి కళ్లద్దాలు తీసి, చొక్కా కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. బల్ల కింద నుంచి ఒక చెప్పుల అట్టపెట్టె తీశాడు. దాని నిండా సీడీలూ పెన్ డ్రైవులూ. ప్రతిదాని మీదా కాగితం అంటించి ఉంది. ఏది, ఎప్పుడు దింపాడు, ఎవరికి ఎక్కించాడు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో. ఒక్క క్షణంలో కావలసిన పెన్ డ్రైవును రెండు వేళ్ల మధ్య పట్టుకుని పైకి లేపాడు. దాని మీద 'ఉరుకుందు సార్, స్వామి పుస్తకం' అని ఉంది.

"ఎక్కించేదానికి ముందే ఒకటి పక్కన పెడతా సార్. పని అయినాక పెడదాంలే అనుకునేవాడు ఎప్పటికీ పెట్టడు." ఆ మాట చెబుతున్నప్పుడు అతని నడుము నిటారుగా అయింది. "ముప్పై ఏండ్లు. నా దగ్గర ఫైలు పోయింది అన్న గిరాకీ ఇంకా పుట్టలా."

ఉరుకుందు చెయ్యి చాచాడు. మౌలాలి ఇవ్వలేదు. జేబులో వేసుకుని లేచాడు.

"నన్ను అడుగుతాందంటివి కదా. నేనే వస్తా పద."

"మా కార్డు?" అన్నారు పెళ్లివాళ్లు.

"సాయంత్రం రాండి. మీ పెండ్లి ఇంకా నెలుంది."

వాళ్లు ఇల్లు చేరేసరికి మూడయింది. శంకరమ్మ సగం పోగులు దాటి అతికింది. స్వామి ఎదురుగా కూర్చుని ఒక్కొక్క కొసా విడదీసి అందిస్తున్నాడు. మౌలాలిని చూసి, నిన్న పోయి ఇవాళ వచ్చినవాడిని పలకరించినట్టు తల ఊపాడు.

"మౌలాలీ, టీలో చక్కెర రెండే కదప్పా?" అంది శంకరమ్మ, చెయ్యి ఆపకుండా.

"ఇప్పుడు ఒకటే అమ్మా. షుగర్."

ఉరుకుందు మౌలాలి ఇచ్చిన పెన్ డ్రైవు పెట్టి, పెట్టె అడిగిన చోటు చూపించాడు. పచ్చగీత మెల్లగా కదిలింది. మధ్యలో ఒకసారి ఆగింది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. నాలుగో మనిషి శంకరమ్మ పోగులు అతుకుతూనే ఉంది. గీత నిండింది. ఫైలు తెరుచుకుంది. మూడు వందల పన్నెండూ ఒత్తులతో, గుడులతో, ఒక్క అక్షరం చెదరకుండా ఉన్నాయి.

మౌలాలి తెర దగ్గరికి వంగి పైనుంచి కిందికి చదివాడు. "బాగా కూర్చినావు సార్. నేనైతే ఇంత బాగా కూర్చను." ఆ మాట పొగడ్త కోసం అన్నది కాదు. తాను నేర్పిన చేతిని చూసుకుని అన్నది.

ఉరుకుందు మొదటి పేజీకి వెళ్లాడు. 'అక్షరాల కూర్పు: ఎం. ఉరుకుందు' అని ఒక్క లైను. దాని పైన ఇంకో లైను టైపు చేశాడు. 'నేర్పినవారు: మౌలాలి, ఆదోని.'

మౌలాలి ఆ లైను రెండుసార్లు చదువుకున్నాడు.

"నా పేరు కిందికి జరిపి, పైన ఇంకో లైను పెట్టు సార్."

"ఎందుకు?"

"రంగప్ప మేస్త్రీ. సీసం అక్షరాలు కూర్చేటోడు, ఆదోని ప్రెస్సులో. పన్నెండేండ్లప్పుడు ఆయన పక్కన నిలబడినా. ఏ అక్షరం ఏ అరలో ఉంటాదో కండ్లు మూసుకుని చెప్పేటోడు. నాది ఏమన్నా ఉంటే ఆయనదే."

ఉరుకుందు ఆ లైను కూడా చేర్చాడు.

"రంగప్పకు ఎవురు నేర్పినారు?" అన్నాడు స్వామి, పోగు అందిస్తూ.

మౌలాలి ఆలోచించాడు. "అది తెలీదు స్వామీ. ఆయనెప్పుడూ చెప్పలా. నేనూ అడగలా."

స్వామి చేతిలోని కొసను శంకరమ్మకు ఇచ్చి వసారా వైపు తిరిగాడు.

"అయితే ఆ పైన జానెడు వదిలిపెట్టు నాయనా."

సోమవారం పొద్దున కర్నూలు ప్రెస్సు నుంచి ఫోను వచ్చింది. "మొదటి పేజీలో పైన సగం ఖాళీగా వచ్చింది సార్. చెత్తగా కనబడతాంది. ఏదన్నా పువ్వు బొమ్మ వేసెయ్యమంటారా?"

లోపలి నుంచి మగ్గం చప్పుడు వినబడుతోంది. కొత్త పడుగు మీద మొదటి చీర.

"వెయ్యొద్దు," అన్నాడు ఉరుకుందు. "అది చెత్త కాదు."